నెబో పర్వతము: మరుగుపడి మరల దొరికిన కొండ

వికారాబాదు నుండి బీదరు పోవు రైలుమార్గమున మర్పల్లి యొక స్టేషను. ఆ చుట్టుపట్ల క్రైస్తవ కుటుంబములు గలవు. ఆ యిండ్లలో చదువనేరని ముదుసలులకు సయితము సీనాయి, కర్మెలు, ఒలీవల కొండ, నెబో అను పేర్లు తమ యూరి చెరువుగట్టు పేరువలె పరిచితములు. ప్రతి సంవత్సరము నవంబరు నెలలో ధారూరున జరుగు మెథడిస్టు క్రైస్తవ జాతరలో ప్రసంగములు వినియు, పాటలు పాడియు వారు ఆ పేర్లను నేర్చుకొనిరి. ఆ కొండలను కన్నులార చూచుట మాత్రము చిరకాలము కలిగినవారికే సాధ్యమై యుండెను. 2008లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము యెరూషలేము యాత్రకు పోవు క్రైస్తవులకు ధనసహాయము చేయుట మొదలుపెట్టిన పిమ్మట పల్లెల నుండియు యాత్రికులు బయలుదేరసాగిరి. హైదరాబాదున విమానమెక్కినవారు మరునాటికి జోర్డాను రాజధానియైన అమ్మానులో దిగుట నేడు వింతగాదు.

అట్టి యాత్రలో మేము చూచిన నెబో పర్వతమును గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి. అచ్చటికి పోయిన ప్రతివారి మనస్సులోను రెండు ప్రశ్నలు పుట్టును. ఇది నిజముగా ఆ కొండయేనా? అయినచో ఆ సంగతి ఎవరు, ఎట్లు చెప్పిరి? ఈ ప్రశ్నలు అవిశ్వాసము వలన పుట్టినవి కావు. ఉన్న పొలము మీద అప్పు తెచ్చియో, పెన్షను సొమ్ము కూడబెట్టియో అంత దూరము పోయినవారికి, తాము చూచినది ఏమియో తెలిసికొను హక్కు కలదు.

మొదట గ్రంథమేమి చెప్పుచున్నదో చూతము. ద్వితీయోపదేశకాండము కడపటి అధ్యాయములో మోషే వృత్తాంతము ముగియుచున్నది. ఇశ్రాయేలీయులను ఐగుప్తు దాస్యము నుండి విడిపించి నలువది యేండ్లు ఎడారిలో నడిపించిన మోషే, యొర్దాను నదికి తూర్పుననున్న మోయాబు దేశమునకు చేరెను. అచ్చటి నెబో కొండనెక్కి, నదికావలి వాగ్దత్త దేశమును కన్నులతో చూచెను. కాని దానిలో అడుగుపెట్టుట కతనికి అనుజ్ఞ లేదు. నూటయిరువది యేండ్ల వయస్సున అచ్చటనే మరణించెను. అతని సమాధి యెక్కడనున్నదో యెవరికిని తెలియదని ఆ గ్రంథమే చెప్పుచున్నది. జీవితమంతయు ఏ గమ్యము కొరకు నడచెనో, ఆ గమ్యమును దూరము నుండి చూచి కన్నుమూసిన మనుష్యుని కథ యిది. కనుకనే కాబోలు, ఇతర పర్వతముల కంటె ఈ కొండ మీద యాత్రికులు ఎక్కువసేపు మౌనముగా నిలువబడుదురు.

అమ్మాను నుండి నైరుతి దిశగా మాదబా పట్టణమునకు పోయి, అచ్చటి నుండి పడమరగా పది కిలోమీటర్లు సాగినచో నెబో వచ్చును. ఎక్కువ ఎత్తయిన శిఖరము కాదు. కట్టడములున్న సియాగా అను కొన సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నున్నది. కాని దాని యెదుట భూమి ఒక్కసారిగా పల్లములోనికి దిగును. క్రింద మెరయుచుండు మృతసముద్రపు నీటిమట్టము సముద్రమట్టమునకు 400 మీటర్లకు పైగా దిగువనున్నది. అనగా కొండ మీద నిలిచినవాడు పదకొండు వందల మీటర్ల లోతునకు చూచుచున్నాడన్నమాట. యొర్దాను లోయ, యెరికో పచ్చదనము, వెనుక యూదయ కొండల వరుస కనబడును. ఆకాశము నిర్మలముగా నున్ననాడు సుమారు ఏబది కిలోమీటర్ల దూరముననున్న యెరూషలేము గోపురములును కానవచ్చునందురు. మేము పోయిననాడు లోయనిండ దుమ్ముతో గూడిన మసక క్రమ్మియుండెను. యెరికో వరకు మాత్రమే కనబడినది.

ఇక చరిత్ర సాక్ష్యములు. నెబో అను పేరు బైబిలులో మాత్రమే యున్నదికాదు. 1868లో మృతసముద్రమునకు తూర్పుననున్న ధీబాను గ్రామమున ఒక నల్లరాతి శాసనము బయల్పడెను. అది మోయాబు రాజైన మేషా క్రీస్తు పూర్వము తొమ్మిదవ శతాబ్దిలో చెక్కించినది. తాను ఇశ్రాయేలీయుల నుండి నెబో అను ఊరిని పట్టుకొంటినని అందాతడు చెప్పుకొనెను. విదేశీయులు కొనవచ్చిరని తెలిసి, తగవులలో ఆ రాయి ముక్కలు చేయబడినది. అదృష్టవశమున అంతకుముందే తీసిన కాగితపు అచ్చు మిగిలియుండుట చేత చాలభాగము చదువగలిగిరి. ఆ ముక్కలు నేడు పారిసులోని లూవ్ర్ మ్యూజియమున నున్నవి. కాబట్టి ఆ ప్రాంతమున నెబో అను పేరు దాదాపు 2,850 ఏండ్ల నాడే వాడుకలో నున్నదనుట నిశ్చయము.

ఊరి పేరు దొరికినను, మోషే నిలిచిన శిఖరమేది? దీనికి శాసనము లేదు. క్రీస్తు శకము నాలుగవ శతాబ్ది ప్రారంభమున యూసేబియసు అను పండితుడు బైబిలు స్థలముల పట్టిక వ్రాయుచు, నెబో హెష్బోనుకు పడమట ఆరుమైళ్ల దూరమున చూపబడుచున్నదని చెప్పెను. ఆ తరువాత అదే శతాబ్దిలో ఒక స్త్రీ ఆ కొండనెక్కి, తాను చూచినది చూచినట్లు ఇంటికి జాబు వ్రాసెను. నెబో చరిత్రకు ప్రాణము పోసినది ఆమె జాబే.

ఆమె పేరు ఎగేరియా. ఐరోపా పడమటి కొసనుండి, బహుశః నేటి స్పెయిను ప్రాంతము నుండి బయలుదేరి, క్రీ.శ. 381–384 సంవత్సరముల నడుమ సీనాయి, యెరూషలేము మొదలగు స్థలములను తిరిగెను. తన దేశముననున్న సోదరీమణులకు ఆ విశేషములను లేఖలుగా వ్రాసెను. యెరూషలేము నుండి యొర్దాను దాటి, దారి తెలిసిన ఒక పురోహితుని వెంట నెబోకు వచ్చెను. దారిలో మోషే పేరిట నున్న నీటి ఊటలను చూచెను. అవి నేటికిని కొండక్రింద పారుచున్నవి. అరబ్బులు వానిని ఆయూన్ మూసా, అనగా మూసా ఊటలు అందురు. కొండలో చాలభాగము గాడిదమీద ఎక్కవచ్చుననియు, కడపటి నిట్రము మాత్రము నడచియే యెక్కవలెననియు ఆమె వ్రాసినది. శిఖరమున చిన్న చర్చి యొకటి యుండెను. అచ్చటి సన్యాసులను మోషే సమాధి మీకెట్లు తెలిసెనని ఆమె అడుగగా, మాకు పూర్వమిక్కడ నివసించిన పెద్దలు మాకు చూపిరి, మేము మీకు చూపుచున్నామని వారు బదులిచ్చిరట.

ఆ లేఖలో మమ్ము మిక్కిలి ఆకర్షించిన సంగతి మరియొకటి కలదు. చర్చి వాకిట నిలిపి, లోతు భార్య ఉప్పుస్తంభమైన చోటును కూడ సన్యాసులు ఆమెకు చూపిరి. ఎగేరియా చోటును చూచెను గాని స్తంభము కనబడలేదు. కనబడలేదనియే ఆమె స్పష్టముగా వ్రాసెను. ఈ విషయమున మిమ్ము మోసపుచ్చజాలనని సోదరీమణులకు చెప్పుకొనెను. కొంతకాలముగా ఆ స్తంభము నీటమునిగి కానరాకున్నదని ఆ ప్రాంతపు బిషప్పు తమకు చెప్పినట్లును వ్రాసెను. ఎంతో కష్టపడి ఖండములు దాటి వచ్చిన భక్తురాలు, చూడనిదానిని చూచితినని ఒక్క మాట కలిపినచో అడుగువా రెవరు? ఆమె కలుపలేదు. పదునారు వందల యేండ్ల తరువాత పండితులు ఆమె మాటను నమ్ముటకు ఇది యొక కారణము.

ఎగేరియా చూచిన చిన్న చర్చి క్రమముగా పెద్దదయ్యెను. ఐదవ శతాబ్దికి చెందిన పేతురు ఐబీరియను అను సాధువు చరిత్రలో మరియొక వృత్తాంతమున్నది. నెబో గ్రామపు గొఱ్ఱెలకాపరి కొండమీది గుహలో మోషే దర్శనము పొందెనట. గ్రామస్థులు ఆ చోట ఆలయము కట్టిరట. ఆరవ శతాబ్దిలో అచ్చట విశాలమైన ప్రార్థనాలయమును, చుట్టును సన్యాసుల మఠమును వెలసినవి. నేలనంతయు రంగురాళ్ల ముక్కలతో చిత్రములుగా పరచిరి. తరువాత కాలము మారెను. మఠము పలుచబడెను. పదునారవ శతాబ్ది నాటికి అది పాడుపడి, గోడలు కూలి, మట్టి కప్పుకొని, కేవలము గుట్టగా మిగిలెను. కాపరులు తప్ప అచ్చటికి పోవువారు లేకపోయిరి.

మరుగుపడిన యీ కొండకు మరల దారి చూపినది ఇటలీ దేశములోని యొక గ్రంథాలయము. 1884లో అరెత్సో పట్టణమున గమురీని అను పండితుడు పదునొకండవ శతాబ్దిలో వ్రాయబడిన లాటిను వ్రాతప్రతి నొకదానిని కనుగొనెను. మొదలును తుదియు లేవు. రచయిత్రి పేరును లేదు. అది ఎగేరియా లేఖయని ఏడవ శతాబ్ది నాటి యొక స్పెయిను సన్యాసి వ్రాసిన జాబు సాయమున 1903లో తేల్చిరి. 1895లో పేతురు ఐబీరియను చరిత్ర సిరియాకు భాషలో జర్మనీలో అచ్చయ్యెను. ఒకరినొకరు ఎరుగని ఈ రెండు గ్రంథములలోని దూరములు, ఊటలు, చర్చి, కనబడు దృశ్యము సరిపోల్చిచూడగా అన్నియు సియాగా గుట్టవైపే వ్రేలు చూపినవి.

1932లో ఫ్రాన్సిస్కను సన్యాసులు ఆ స్థలమును సంపాదించిరి. మరుసటి సంవత్సరమే సిల్వెస్టర్ సాలర్ అనునతని ఆధ్వర్యవమున త్రవ్వకములు ఆరంభమయ్యెను. మట్టిక్రింద ప్రార్థనాలయపు గోడలు, స్తంభముల పీఠములు, మఠపు గదులు బయల్పడినవి. పెద్ద ఆలయపు తూర్పుభాగమున అంతకంటె పాతదైన చిన్న చర్చి జాడలు దొరికినవి. ఎగేరియా నిలువబడిన వాకిలి ఆ ప్రాంతముననే యుండవలెను.

త్రవ్వకముల మహద్భాగ్యము 1976లో కలిగెను. మికేలె పిచ్చిరిల్లో అను సన్యాసి, పురాతత్త్వవేత్త, ఆలయపు ఉత్తరభాగమున పైనున్న రంగురాళ్ల నేలను జాగ్రత్తగా ఎత్తించగా, దాని క్రింద దాదాపు ఒక మీటరు లోతున మరియొక నేల కానవచ్చెను. క్రీ.శ. 530 ప్రాంతమున వేసినది. బాప్తిస్మమిచ్చు గది నేల యది. సింహమును ఎదిరించు వేటగాండ్రు, గొఱ్ఱెలకాపరి, నిప్పుకోడి, చారల గుఱ్ఱము, మచ్చల ఒంటె – ఒక్క రాయి చెదరలేదన్నట్లున్నవి. పని చేసినవారి పేర్లును అందున్నవి: సోయెలోసు, కాయోమోసు, ఏలియా. రాజుల పేర్లు శాసనములలో నిలుచుట సహజము. రాళ్లు పొదిగిన పనివాండ్ర పేర్లు పదునాలుగు శతాబ్దులు దాటి మనకు తెలియుట అరుదు. ఆరవ శతాబ్ది చివర నేల ఎత్తుచేసి, దానిమీద క్రొత్తనేల వేయుట చేతనే పాతది భద్రముగా మిగిలెను.

పిచ్చిరిల్లో 2008లో మరణించెను. ఆయన కోరిక మేరకో, ఆయన సేవకు గుర్తుగనో, ఆ కొండమీదనే సమాధి చేసిరి. మోషే సమాధి తెలియని కొండ మీద, ఆ కొండను వెదకినవాని సమాధి కలదు. 2000 మార్చి 20న పోపు రెండవ జాన్ పాల్ అచ్చటికి వచ్చి ఒలీవ మొక్కను నాటెను. చిరకాలపు మరమ్మతుల పిమ్మట 2016 అక్టోబరులో ప్రార్థనాలయమును మరల తెరచిరి. బయట గట్టుమీద ఇటలీ శిల్పి ఫాంతోని చేసిన సర్పదండము నిలిచియున్నది. ఎడారిలో మోషే ఎత్తిన ఇత్తడి సర్పమును, సిలువను అది యేకరూపమున చూపుచున్నది.

మా బృందములో మర్పల్లి దిక్కునుండి వచ్చిన యొక ముదుసలి యుండెను. ఆలయమంతయు చూచి బయటికి వచ్చి, కొంగుతో ముఖము తుడుచుకొని, “గింత దూరం వచ్చినం బిడ్డా, మోషే సమాధి ఏడున్నది?” అని యడిగెను. “తెలియదవ్వా, బైబిలులోనే తెలియదని వ్రాసియున్నది గదా” అంటిమి. ఆమె కొంతసేపు లోయవైపు చూచి, “గట్లనా. మరి గీ తొవ్వలైతే నిజమే గదా, నడిచినోళ్లు నడిచిండ్రు” అనెను.

పండితులు పెద్ద గ్రంథములలో చెప్పు సంగతియే ఆమె ఒక్క ముక్కలో చెప్పినది. మోషే ఈ శిఖరముననే నిలిచెనని నిరూపించు రాయి గాని, శాసనము గాని దొరకలేదు. మేషా శాసనమునకును ఎగేరియా లేఖకును నడుమ పన్నెండు వందల యేండ్ల యెడమున్నది. అంతేకాదు, ముస్లిములు మూసా ప్రవక్త సమాధిని నదికి ఆవలిగట్టున, యెరికో నుండి యెరూషలేము పోవు త్రోవలో చూపుదురు. నబీ మూసా అను ఆ దర్గాను మమ్లూకు సుల్తాను బైబర్సు 1269లో కట్టించెను. ఒకే ప్రవక్తకు నదికి ఇరుగట్టుల రెండు స్మృతిచిహ్నములు. నిరూపింపబడినది యేమనగా, నాలుగవ శతాబ్ది నుండి జనులు ఈ కొండ నెక్కిరి, ప్రార్థించిరి, కట్టిరి, చూచినది చెప్పిరి. ఆ రాకపోకలు చరిత్ర. మోషే నిలిచెననుట విశ్వాసము. రెంటిని వేరువేరుగా ఎరిగినవానికి కొండ చిన్నదికాదు; గైడు చూపిన ప్రతి రాతిని ముద్దాడి, తరువాత ఎవరో కాదన్నప్పుడు నొచ్చుకొను ప్రమాదమును తప్పును.

మన ప్రాంతపు వారికి ఈ సంగతి క్రొత్తదికాదు. వికారాబాదు ప్రక్కనున్న అనంతగిరి కొండలలో మూసీనది పుట్టుచున్నది. అచ్చటి గుహలో ముచుకుందుడు నిద్రించెననియు, అతడు స్వామి పాదములు కడిగిన నీరే ముచుకుందానదియై పారెననియు అనంతపద్మనాభస్వామి భక్తుల విశ్వాసము. మూసీ, ఈసీ అను జంటనదుల పేర్లు మూసా, ఈసా ప్రవక్తల పేర్లేయని హైదరాబాదున మరికొందరందురు. మూసా అనగా మోషే. ఈసా అనగా యేసు. 1920లో పూర్తియైన ఉస్మాన్ సాగరు మూసీమీదను, 1927లో పూర్తియైన హిమాయత్ సాగరు ఈసీమీదను కట్టబడినవి. ఆ రెండు నదులును కలియుచోటనే 1948లో గాంధీజీ చితాభస్మము నిమజ్జనమయ్యెను. నెబో క్రింద మూసా ఊటలు, అనంతగిరిలో మూసీ పుట్టుక! ఈ పేర్ల నడుమ చుట్టరికమున్నదని మేము వాదింపము. ఒక కొండను, ఒక నీటిని పలువురు పలువిధములుగా తలచుకొనుట దక్కనులో నెంత సహజమో, మోయాబులోను అంతే సహజమని మాత్రము చెప్పుదుము.

కాని ఒక విషయమున మనము వెనుకబడియున్నాము. ఎగేరియా లేఖ లేనిచో సియాగా గుట్టను గుర్తించుట యెంత కష్టమయ్యెడిదో యూహింపుడు. మన భాషలోను అట్టి ఆచారమునకు గొప్ప ఉదాహరణము కలదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830–31లో మదరాసు నుండి కాశికి పోవుచు, దారిలోని మజిలీలు, నదులు, ధరలు, ఆచారములు అన్నిటిని తన మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి జాబులుగా వ్రాసిరి. ఆ జాబులే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయినవి. నాటి హైదరాబాదు రాజ్యపు దారులను గూర్చి తెలిసికొనగోరువారు నేటికిని ఆ పుస్తకమును తెరచుచున్నారు. ఆయన రోడ్లనుగూర్చి వ్రాసినను, బియ్యపు ధరనుగూర్చి వ్రాసినను, ఎగేరియావలె చూచినది చూచినట్లు వ్రాసిరి.

నేడు మన పల్లెల నుండి పవిత్రభూమికి పోవువారు మరలివచ్చునప్పుడు యొర్దాను నీళ్లు, ఒలీవ నూనె, ఫోటోలు తెచ్చుచున్నారు. ప్రార్థనకూటములలో సాక్ష్యము చెప్పుచున్నారు. ఆ మాటలు చెప్పినవారితోనే పోవును. ఇంటిలో చదివిన మనుమడో మనుమరాలో కూర్చుండి, అవ్వ ఏ దినమున బయలుదేరినది, ఎంత ఖర్చయినది, ఏ కొండమీద ఏమి కనబడినది, ఏమి కనబడలేదు, ఎవరేమి చెప్పిరి – ఇంతమాత్రము ఒక నోటుపుస్తకమున వ్రాసియుంచిన చాలును. కనబడనిదానిని కనబడలేదనియే వ్రాయవలెను. యాత్రకు పోనివారును తమ యూరి గుట్టను గూర్చి, గుడిని గూర్చి, చర్చిని గూర్చి పెద్దలు చెప్పు సంగతులను అట్లే వ్రాసి యుంచవచ్చును. ఏ నూరేండ్లకో ఆ గుట్టను వెదకువా రెవరైన వచ్చినచో, వారికి ఆ పుస్తకమే దారి చూపును.